పాప్‌కార్న్ మాడిన రాత్రి

షార్జా యూనివర్సిటీ సిటీ, ఆడపిల్లల హాస్టలు, సి బ్లాకు.
రాత్రి పదకొండు దాటితే
ఆ గాజుతలుపుకి గడియనీ నేనే, నోరునీ నేనే.
ముందు నా దగ్గర సంతకం, ఆ తర్వాతే లిఫ్టు.

ఆరేళ్ళయింది. ఈ ఊరి రాత్రిని నేను చూసింది లేదు,
వాసన చూశానంతే.
రీమ్ జుట్టులో బొగ్గుల మీద కాలిన మాంసం,
హిబా స్కార్ఫులో సముద్రపు తడి,
నస్రీన్ వేళ్ళకి యాలకులు.
కరక్ చాయట. కారాపి హారన్ కొడితే
కుర్రాడు పరిగెత్తుకొచ్చి అద్దంలోంచి అందిస్తాడట.
దిగక్కర్లేదట.
మా రాజోల్లో టీకొట్టు ముందు హారన్ కొడితే
సూరపరాజు బయటికొచ్చి కారు కడిగేసేవాడు,
మాటల్తో.

ఆలస్యమైతే ఎర్రసిరా.
"ట్రాఫిక్, ఆంటీ" అంటారు.
అర్ధరాత్రి ట్రాఫిక్కేంటే, అని తెలుగులో గొణుక్కుంటాను.
పది యాభై ఎనిమిది అని రాసి పంపినవాళ్ళు ఎందరో
మీకెందుకు గానీ,

మొన్న మంగళవారం, పరీక్షలు వారం ఉన్నాయనగా,
రెండుంపావుకి నాలుగో అంతస్తులో ఎవరో పాప్‌కార్న్ మాడ్చారు.
అలారం.
మెట్లమీంచి చెప్పులు చెప్పుల్ని తోసుకుంటూ
భవనం మొత్తం రోడ్డు మీదికి ఒలికింది.
ఒకతె మొహానికి ఆకుపచ్చ మట్టి, కళ్ళ దగ్గర మాత్రం మనిషి.
ఒకతె ల్యాప్‌టాప్‌ని చంటిబిడ్డలా భుజానేసుకుంది.
ఒకతె టీషర్టులోంచి తోకొకటి వేలాడింది
(పిల్లులు నిషేధం. నేను చూళ్ళేదు).

కాలిబాట రాళ్ళు పగటి వేడిని ఇంకా వదల్లేదు.
టార్చి వెలుతురులో పేర్లు పిలిచాను.
షహద్ అనబోయి శారద అన్నాను.
"ప్రెజెంట్" అంది, శారదయిపోయి.
రెండొందల పన్నెండు ఉండాలి.
రెండొందల పదకొండు.
నాలుగొందల ఏడు. లయాన్.

నా గొంతులో ఇసక.
ఫైరు మనుషులు గొడ్డలితో పైకెళ్ళారు.

ఇక్కడ మాత్రం ఎవరి ఫోన్లోంచో డప్పు మొదలైంది.
సూడాన్ పిల్ల భుజాలు, కన్నూరు పిల్ల చప్పట్లు,
లెబనాన్ పిల్లకి చెప్పుల్లేవు, ఆమె మడమలకి ఆ సంగతి తెలీదు.
స్కూటరు మీద ముప్పయ్యొక్క షవర్మాలొచ్చాయి.
తెచ్చినవాడు హెల్మెట్ తీశాడు,
అన్ని నైటీల్ని చూసి మళ్ళీ పెట్టేసుకున్నాడు.
నా లెక్క విన్నాడేమో,
"తెలుగోళ్ళా అక్కా? మాది కోరుట్ల" అన్నాడు హెల్మెట్లోంచి.
రాజోలు, అన్నాను.
అతనికి ఇంకో ఆర్డరు, నాకు ఇంకో లెక్క.

అప్పుడు గమనించాను.
లయాన్ రూమ్మేటు నస్రీన్ అందరికన్నా ఎక్కువ ఎగురుతోంది.
ఎగిరినప్పుడల్లా నాకూ రోడ్డుకీ మధ్య పడుతోంది.

టాక్సీ దీపాలార్పుకుని ఆగింది.
వెండిరంగు గౌను, చేతిలో మడమల చెప్పులు, కారిన కాటుక.
రెండు చప్పట్ల సందులో
ఎవరి దుప్పటో ఆమెని మింగేసింది.
గుంపు తిరిగి కలుసుకునేసరికి
అందరూ నిద్రలోంచి లేచొచ్చిన వాళ్ళే.

పైకి చూసి అరిచాను, ఆ తలుపు పగలగొట్టకండి,
రెండొందల పన్నెండు, సరిపోయింది,
నాకే లెక్క రాదు.

నాలుక్కి లోపలికొదిలాను.
దుప్పటి నా ముందు ఆగింది.
బొగ్గు కాదు, ఉప్పు కాదు, యాలకులు కాదు;
నా ముక్కుకి పేరు తెలీని వాసన.
ఎక్కడికెళ్ళావే, అని నోటిదాకా వచ్చింది.
"ఎలా ఉంది?" అన్నాను.

"బోరు, ఆంటీ" అంది.
మాసిన కాటుకతో కాలిబాట కేసి చూసింది,
షవర్మా కాగితాలు, ఒంటి చెప్పు, ఆగిపోయిన డప్పు.
"ఇక్కడ చాలాసేపు ఆడారా?"

చాలాసేపు, అన్నాను.
కావాలనే.