ఏడంకె

సిరొంచ తాసీలు ఆఫీసు బల్ల
వానలకు ఉబ్బింది, సొరుగు రానంటది.
"మిషను పెట్టరాదే, చిటికెల పని"
అంటడు నాయిన.
చిత్రికకు అరిగిన భుజం ఆయనది,
అహేరి పోయి ప్లేనర్ తెచ్చిందీ ఆయనే.

ప్లగ్గు పెట్టి, సొరుగు పక్కకు తిప్పిన.
వెనక మూలకు పెన్సిలు గీత:
తెలుగు ఏడంకె, తోక జర వంకర.
తాత ఓదేలు చెయ్యి.
ఏడో బల్లనో, ఏడు రూపాల బాకీనో.

మిషను నున్నగ తింటది,
ఏది విడవాల్నో అడగదు.
ప్లగ్గు పీకిన.

చిత్రిక అంచు పట్టి జరిపితే
టేకు పొర ఉల్లిపొట్టు లెక్క లేచి
అంకెకు వేలెడు ఇవతలనే ఆగింది.

పొద్దు గుంకింది. ఇంకో మూడు కుర్చీలు
కాళ్లు పైకి పెట్టుకొని చూస్తున్నయి.
ఒక్క సొరుగుకు దినం కూలా అని
నాయిన తిట్టిండు,
తర్వాత కళ్లద్దాలు అడిగిండు.