కాయ పగలకముందే

శనివారం తొమ్మిదికి వంతెన కింద కలుస్తాం.
పదకొండు మందిమి, ఒక కుక్క, రెండు ఫ్లాస్కుల టీ.
హెలెద్ చేతితొడుగులు పంచుతుంది,
ఎప్పట్లాగే ఎడమచేతివే ఎక్కువ.

టైవీ నది ఒడ్డంతా మనిషెత్తు గులాబిరంగు.
ఈ వేల్స్ పల్లెల్లో దీన్ని గెంతే జాక్ అంటారు.
ఎవరో ఒకప్పుడు తోటకి అందమని తెచ్చుకుంటే
గోడ దూకి నదిని పట్టింది.
లాగితే చాలు, వచ్చేస్తుంది.
ఇంత పొగరుకి ఇంత పొట్టి వేరా అని
మొదటిరోజు అందరూ నవ్వుతారు.
నడుము పట్టేశాక నవ్వరు.

మొదటి కణుపు కింద విరవాలి,
కుప్ప వేసి తొక్కాలి,
కాయ పగలకముందే.
పగిలిందా, గింజ ఏడు గజాలు ఎగురుతుంది,
తక్కింది నది చూసుకుంటుంది.
చలికాలం తను చచ్చి
ఒడ్డుని బట్టతల చేసి పోతుంది.
ఆ మట్టిని వరద తింటుంది.
కై వాళ్ళ కంచె నిరుడు అలాగే పోయింది,
రెండు గొర్రెలతో సహా.

మెయిరియన్ ఎవరితోనూ మాట్లాడడు.
డెబ్భై ఏళ్ళు, పద్నాలుగు తేనెపెట్టెలు.
మా అందరికంటే ఎక్కువ పీకుతాడు.
ఆగస్టు చివర ఇంకే పువ్వూ లేనప్పుడు
ఆయన ఈగలు దీని నోట్లో దూరి
వీపంతా తెల్లగా పూసుకుని ఇంటికెళ్తాయి,
పిండిమర నుంచి వచ్చిన పిల్లల్లా.
తను పీకేది ఎవరి నోటికాడి కూడో ఆయనకి తెలుసు.
మాకూ తెలుసు.
టీ అందిస్తాం. అంతే.

ఇవాళ కుక్క తప్పిపోతే
వెతుక్కుంటూ పాత ఉన్నిమిల్లు వెనక్కి వెళ్ళాను.
గోడకీ నీటికీ మధ్య
మంచమంత మేర గెంతే జాక్,
విరగబూసి, ఈగలతో హోరెత్తుతూ.
చెయ్యి చాపాను. ఆగాను.
ఒక్క కాయ లేదు.
కాయ ఉండాల్సిన ప్రతిచోటా
గోటితో గిల్లిన పచ్చి గుర్తు.
కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి.
ఒక్కొక్కటీ. రోజూ వచ్చి ఉంటాడు.

"అటువైపు ఏమన్నా ఉందా?"
పటం మీద పెన్సిల్ పెట్టి అడిగింది హెలెద్.
మెయిరియన్ కుప్ప తొక్కుతున్నాడు,
తల ఎత్తలేదు.
"దురదగొండి" అన్నాను.
పెన్సిల్ కాసేపు అక్కడే ఉంది.
తర్వాత కదిలింది, ఏమీ రాయకుండా.

రాత్రి చొక్కా విప్పుతుంటే
కాలర్ మడతలో దాక్కున్న కాయ ఒకటి
టప్పున పగిలింది.
వంటింటి గచ్చు మీద మోకాళ్ళతో పాకి ఏరాను.
ఆరు గింజలు దొరికాయి.
ఒక కాయలో ఎన్నుంటాయో
మెయిరియన్‌కి తెలిసే ఉంటుంది.