కొట్టివేత

కత్తిరి ఎండలు మొదలై నాలుగో రోజు.
నెరబైలు దాటి, తలకోన చెక్‌పోస్టు దగ్గర
వాచరు దొరస్వామి నా సంచీలోకి చూశాడు:
"నీళ్ళు రెండు సీసాలేనా సార్? ఏ మూలకు?"

తెల్లారి ఐదున్నరకే బండ వెచ్చగా ఉంది.
రాత్రి అది చల్లారనే లేదు.
ఎర్రచందనం చెట్లకు ఇంకా ఆకు పట్టలేదు,
పిట్టలకు దాక్కునే చోటు లేదు,
మాకూ లేదు.

సాసరు గుంతలో నిన్న టాంకరు పోసిన నీళ్ళు,
బెత్తెడు లోతు.
ముందు గువ్వలొచ్చాయి, జంటగా, భయంగా.
తర్వాత ఎవరినీ లెక్కచెయ్యని ఎట్రింత.
ఒక్క మునక వేసి లేచిపోయిన తోకపికిలి:
ఆ పొడుగాటి తెల్ల రిబ్బను
గాల్లో ఒక క్షణం మిగిలి, అదీ పోయింది.
కంసాలి పిట్ట మాత్రం కనపడదు.
ఎక్కడో మేడిచెట్టులో కూచుని
టంకు టంకుమని పొద్దుకు మేకులు కొడుతుంది.

నా నోటుపుస్తకంలో పోయిన మే నెల పేజీ:
పద్నాలుగో తేదీ, ఇదే గుంత,
"కొండ పికిలి, ఒకటి."
కింద రెండు గీతలు.
దానికోసం ఆరేళ్ళు బండలెక్కాను.
తిరుపతి రిజిస్ట్రారు ఆఫీసు ముందు
దస్తావేజులు రాసే చెయ్యి ఆ రోజు వణికింది.
ఇంటికెళ్ళి చెబితే మా ఇందుమతి అడిగింది:
"గొంతు ఏం పసుపు?
గడపకు పూసే పసుపా, పెసరపప్పు పసుపా?"
పిట్టను అట్లా అడగరాదన్నాను.

ఇవాళ అదే బలుసు పొదలోంచి
అదే పిట్ట దిగింది.
నీళ్ళంచున నిలబడి తల ఇటు తిప్పింది.
కన్ను మీద తెల్లటి కనుబొమ్మ,
ఎవరో సుద్దముక్కతో గీసినట్టు.
గొంతు పెసరపప్పు,
అదీ నాలుగు నీళ్ళలో కడిగింది.
కొండ పికిలికి తలంతా పసుపుండాలి.
కనుబొమ్మ ఉండకూడదు.

బైనాక్యులర్ దించలేదు.
దించితే దొరస్వామి మొహం చూడాలి.

"నీకు తెలుసా?"
"తెల్సు సార్. ఇది పొదల పికిలి.
మా జేజి వాగుడు పికిలి అనేది."
"పోయినేడు చెప్పలేదే?"
"మీరు రాసుకుంటా ఉంటిరి. చెయ్యి అదరతా ఉండె.
పిట్టకేం నష్టంలే అని ఊరుకుంటి."

పిట్టకేం నష్టం లేదు.
మూడు మునకలేసి, రెక్కలు విదిల్చి,
ఒక బలుసు పండు తెంపుకుని,
నేను పెట్టిన పేరును ఒక్కసారీ వాడకుండానే
ఎగిరిపోయింది.

ఎర్ర పెన్ను లేదు. దొరస్వామి దగ్గర
టాంకరు లెక్క రాసే పెన్సిలు ముక్క ఉంది.
దస్తావేజులో కొట్టివేత ఉంటే
పక్కన సంతకం ఉండాలి, లేకుంటే చెల్లదు.
పెట్టాను.

"మరి అసలుది?"
గడ్డంతో పైకి చూపించాడు.
"అదో, తేనెపట్ల బండకాడ. ఎండలోనే పలుకుతాది.
నేను చూసీ నాలుగేండ్లాయె."

ఉన్నది ఒక్క సీసా.
ఎండ నడినెత్తికి వస్తోంది.
లేచాం.