ఇంకా పలుకుంది

జులైలో చిపెరోని జల్లు సన్నగా పడుతుంటే
సైకిలు తోసుకుంటూ ములాంజె కొండ కిందికి పోతాను.
సంచిలో ఒక తూకం, తడిసిన రిజిస్టరు,
పిల్లల జబ్బలకు చుట్టే పట్టీ.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
మూడు మాటలే వచ్చు దానికి,
అబద్ధం రాదు.

ఎస్నాతి మనవడు లింబానీ
ఏప్రిల్‌లో ఎరుపు దగ్గర ఆగిపోయాడు.
నా రెండు వేళ్ల లావు వాడి జబ్బ.
ఆసుపత్రి పొట్లాలు ఆరు వారాలు వస్తాయి.
తర్వాత?

గోడకు బొమ్మల పటం తగిలించి మొదలుపెట్టాను
మాంసకృత్తులు, ఇనుము, పీచు అని.
ముసలామె పొయ్యిలోకి చూస్తూ విన్నది.
"గుడ్డన్నావు, పాలన్నావు.
మేకనమ్మి యూరియా కొన్నాను మొన్న.
మేకని వెనక్కి తోలుకొచ్చే బొమ్మ
నీ పటంలో ఎక్కడుందమ్మా?"

ఆ రోజు నా పప్పులు ఉడకలేదు.

పటం చుట్టేస్తుంటే పార తీసుకుని లేచింది.
కోసేసిన మొక్కజొన్న మోళ్ల మధ్య
ఏమీ పట్టనట్టు పచ్చగా నిలబడ్డ కంది చెట్లు.
నందోలో అంటాం మేము.
ఒకదాన్ని తవ్వి వేరు నా అరచేతిలో పెట్టింది.
వేరు నిండా ఆవగింజల్లాంటి బుడిపెలు.
గోటితో ఒకటి చిదిమితే
లోపల గులాబీ రంగు, పచ్చి మాంసం రంగు.
"దీనికీ నెత్తురుంది చూడు.
గాలిని పట్టుకొచ్చి మట్టికి తినిపిస్తుంది.
గట్టిగా అనకు, ఎరువుల కొట్టువాడు వింటాడు."

మరి ఇన్నేళ్లూ?
ఇన్నేళ్లూ అమ్మేసిందట, గింజ మిగలకుండా.
లారీ వస్తుంది, బస్తాలు ఓడెక్కుతాయి,
సముద్రం అవతల ఎవరో వాటిని రెండుగా చీల్చి
పసుపేసి, తాలింపు పెట్టుకుని
వేడన్నంలో కలుపుకుంటారట.
"కలుపుకోనీ. వాళ్లకీ పిల్లలుంటారు" అంది.
కాసేపాగి, వేరుకంటిన మట్టి దులుపుతూ,
"ఈసారి ఒక బస్తా మాత్రం పోదు."

పోలేదు.
కాయ ముదిరాక బస్తా ఇంట్లోనే ఉంది,
దాని మీద పిల్లి పడుకుంది.
రాలిన ఆకు వచ్చే వాననాటి మొక్కజొన్నకి.
ఎండిన కంది కట్టె ఈ పూట పొయ్యిలోకి.
"కట్టెల కోసం కొండెక్కి రెండు నెలలైంది,
నా మోకాళ్లకి తెలుసు,
అక్కడి చెట్లకి తెలుసో లేదో" అంటుంది.

బూడిద నీళ్లలో రాత్రంతా నానినా
కంది మొండిది, తొందరగా లొంగదు.
కోడలు తియామికే నిండు నెలలతో
కుండ పక్కన పీట వేసుకుని కూచుంది.
పోయిన నెల ఆమె కింది రెప్ప లాగి చూస్తే
సున్నం కొట్టిన గోడ.
ఇవాళ కాస్త రంగు తిరిగిందనిపించింది,
పొయ్యి వెలుగేమో, ఖాయంగా చెప్పలేను.

లింబానీ పళ్లెం పట్టుకుని మూడోసారి వచ్చాడు.
ఆ చేతినే పట్టుకుని పట్టీ చుట్టాను.
పసుపు.
సగం వేలు దాటితే ఆకుపచ్చ, కానీ దాటలేదు.
రిజిస్టర్లో రాస్తూ, ఎందుకో
నాదే తప్పయినట్టు తల దించుకున్నాను.

ఎస్నాతి ఏమీ అనలేదు.
గరిటెతో ఒక గింజ తీసి,
ఊది,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసి
మళ్లీ కుండలో పడేసింది.

"ఇంకా పలుకుంది. కూచో."