వేర్వేరుగా

హైకోర్టుకి ఎదురుగా, ఆర్మీనియన్ వీధి మలుపులో
నీలం టార్పాలిన్ కింద నా టైపు మిషను.
పేజీ ముప్పై. నకలుకి పది.
'ఆర్' అక్షరం వరసలో నిలబడదు, కాస్త పైకెగురుతుంది.
ఇరవై రెండేళ్లుగా సర్దుతున్నా, వినదు.

ఆ మధ్యాహ్నం వాన.
ఒకే గొడుగులో వచ్చారిద్దరూ.
అతని ఎడమ భుజం తడిసింది, ఆమె కుడి భుజం.
విడాకుల అర్జీ అన్నారు. పరస్పర అంగీకారం.
జూనియర్ లాయరు ఆరోగ్యరాజ్ చెబుతున్నాడు, కొడుతున్నాను:
"అర్జీదారులు ఏడాదికి పైగా
వేర్వేరుగా జీవిస్తున్నారు..."

"ఆగండి," అంది కుముద.
"మేం వేరుగా ఎక్కడున్నాం?
వేళచ్చేరిలో అదే ఇల్లు. అద్దె ఇరవై ఎనిమిది వేలు,
ఇద్దరం వేసుకుంటేనే తెములుతుంది.
మొన్న నాకు డెంగీ వస్తే
అర్ధరాత్రి బొప్పాయాకు వెతికి, దంచి,
రసం తాగించింది ఇతనే.
ఈ వాక్యం అబద్ధం."

ఆరోగ్యరాజ్ కళ్లజోడు తుడుచుకున్నాడు.
"చట్టానికి గోడలతో పనిలేదమ్మా.
ఒక కప్పు కిందున్నా వేరుగా ఉన్నట్టే,
మొగుడూ పెళ్లాల్లా లేకపోతే."

"మొగుడూ పెళ్లాల్లా అంటే ఎలా?"
వెటకారం లేదు ఆ గొంతులో.
ఇరవై ఒకటో నంబరు బస్సు ఎక్కడాగుతుందని
అడిగినట్టు అడిగింది.

టార్పాలిన్ మీద వాన ఒక్కటే మాట్లాడింది కాసేపు.

"కలిసి తినడం," అంది టీ కన్నియమ్మ.
"కలిసే తింటాం," అన్నాడతను.
"పడక," అన్నాడు స్టాంపుల నాయుడు, పక్కకి తిరిగి.
"అదొక్కటేనా?" కన్నియమ్మ గ్లాసు ఠక్కున పెట్టింది.
"అయితే నాకూ నా మొగుడికీ
ఎనభై తొమ్మిదిలోనే విడాకులైపోయాయి,
ఎవరూ చెప్పలేదు."

నాయుడికి కోపమొచ్చింది.
కొడతాడా? లేదు. తాగుతాడా? లేదు.
మరి దేనికి?

అతను, ఉమాకాంత్, తడి చేతిరుమాలు పిండుతూ
నెమ్మదిగా చెప్పాడు:
"ఒక రాత్రి కరెంటు పోయింది.
ఇంట్లో ఇద్దరం పెద్దగా నవ్వి ఎన్నాళ్లయిందో
లెక్కపెట్టుకున్నాం.
లెక్క తేలలేదు."

"నవ్వు రాలేదని విడిపోతే
ఈ వీధిలో ఒక్క కాపురం మిగలదయ్యా!"
"మిగలాలని ఎవరన్నారు?" అంది కన్నియమ్మ.
"నలుగురూ ఉంటున్నారు కాబట్టి ఉండడం
నీతా, అలవాటా?"
"అలవాటే నీతి," అన్నాడు నాయుడు.
"లేకపోతే పొద్దున లేచి
ఎవడు ఎవరికి నీళ్లు కాస్తాడు?"

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.
అదే ఇబ్బంది.

తిట్టుకుంటూ వచ్చేవాళ్ల అర్జీలు సులువు.
తప్పెవరిదో మొదటి పేరాలోనే తెలిసిపోతుంది,
వేళ్లు వాటంతటవే పోతాయి.
చెడ్డవాళ్లెవరూ లేని కాగితం మీద
మీటలు బిగుసుకుంటాయి.

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో:
తండయార్‌పేటలో దామోదరంతో
పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను.
మా ఇద్దరికీ కలిపి గ్యాసు పుస్తకం తప్ప
మరో కాగితం లేదు.
రేపు వద్దనుకుంటే
కొట్టడానికి ఒక్క పేజీ కూడా ఉండదు.
ఆ మాట తలుచుకుంటే కొన్నాళ్లు ధైర్యం,
కొన్నాళ్లు భయం.
ఇవాళ ఏదో తెలియదు, చలిగా ఉంది.

చివరికి ఆరోగ్యరాజ్ మూడు మాటలు కలిపాడు:
"ఒకే కప్పు కింద, వేర్వేరుగా."
ఎవరూ ఒప్పుకున్నట్టు లేరు.
ఎవరూ కాదనలేదు.

కుముద కాగితం చేతికి తీసుకుని
అక్షరం అక్షరం చదివింది.
ఒక చోట వేలు ఆగింది.
"ఇతని పేరులో 'టి' తర్వాత 'హెచ్' ఉంటుంది.
వదిలేస్తే ఇతనికి నిద్రపట్టదు."

తెల్లరంగు పూశాను. ఊదాను.
ఆరేదాకా నలుగురం ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాం.

రెండు పేజీలు, అరవై.
చెరో ముప్పై ఇచ్చారు.
రసీదు ఒకటే రాశాను.
ఎవరి పేరునో
అడగడం మరిచిపోయాను.