జీవాల ట్రాలీ

ఉరవకొండలో గుంతకల్లు రోడ్డున నా రేకుల షెడ్డు.
బోర్డు మీద హుస్సేనప్ప వెల్డింగ్ షాపు అని ఉంటాది.
'పు' ఎప్పుడో రాలిపోయింది, ఎవరూ అడగలేదు.

మొన్న ఎండాకాలం ఓబుళక్క వచ్చింది
బండి నిండా పైపులేసుకొని. ఎద్దులు పక్కింటోళ్లవి.
"మూడు బోర్లవి హుస్సేనప్పా.
మొదటిది రెండేండ్లు ఇచ్చింది నీళ్లు,
రెండోది ఒక్క పంట,
మూడోది బురద కక్కి, దగ్గి, ఊరుకుంది.
మోటార్లు అమ్మేసినా. పైపులు అమ్మబుద్ధి కాలే.
నా జీవాలకు ట్రాలీ కట్టు."

టెంపో పిలిస్తే సంతకు పోయొచ్చేలోగా
ఒక పొట్టేలు వానికే సమర్పణంట.
తమ్ముని ట్రాక్టరుంది, డీజిలు పోస్తే చాలు.

కాగితం తీసినా. వద్దనింది.
సూడిగొర్రెను పట్టకొచ్చి నేల మీద నిలబెట్టి
జానలతో కొలిచింది దాని పొట్టను,
"ఇట్లాంటివి పద్దెనిమిది. ఒరుసుకోవచ్చు, నలగగూడదు."

కడ్డీకి కడ్డీకి ఎంత సందని అడిగితే
మర్నాడు చంకలో పిల్లతో దిగింది.
ఆ పిల్ల తలకాయే నా టేపు:
తల దూరగూడదు, గాలి దూరల్ల.
కొలత అయ్యేసరికి నా చొక్కా గుండీ
దాని నోట్లో ఉంది.

కింద రేకు పరుస్తానంటే నవ్వింది.
"మిట్టమధ్యాన్నం దాని మీద ఉత్త కాళ్లతో
గుంతకల్లు దాకా నువ్వు నిలబడి రా, చూస్తా."
పైపులు మోసుకొచ్చిన బండినే విప్పినాం.
దాని పలకలే అడ్డంగా పరిచినాం.
పొద్దున వచ్చిన బండి
సాయంత్రానికి ఇంకో బండి కడుపులో ఉంది.

ఇరుసు పాత జీపుది. అది ఎక్కడ కూర్చోవాల్నో
మూడుసార్లు కోసి మూడుసార్లు అతికినా.
ముందుకు జరిగితే ట్రాలీ మూతి లేస్తాది,
వెనక్కి పోతే ట్రాక్టరు నడుం మీద పడతాది.
మా నాయన దూది ఏకేటోడు.
విల్లు నారి మోత విని చెప్పేవాడు
పరుపు ఎంత మెత్తగా వస్తాదో.
నేను సుత్తితో పైపు తట్టి మోత విని చెప్తా
అతుకు పట్టిందో లేదో.
చదువు ఒకటే, బరువే మారింది.

పూత పైపు కాలితే తెల్లటి పొగ, తియ్యగా ఉంటాది.
రాత్రికి చలిజ్వరం.
ఓబుళక్క బెల్లం పంపింది, కూలీ పంపలే.

శుక్రవారం తెల్లారి తలుపు దించి బాటగా పరిచినాం.
పెద్ద గొర్రె రెండు కాళ్లు పెట్టి నిలబడిపోయింది.
దాని వెనక మంద మంద.
పడమటి గాలి లేచింది, పైపుల నోళ్లలో దూరి
ట్రాలీ మొత్తం ఊళ పెట్టింది.
ఓబుళక్క మొగం మాడిపోయింది.
"ఆగిపోయే ముందర బోరు ఇట్లనే మోగింది.
మూతులు మూయి సామీ, నా జీవాలకెందుకు అది వినిపించేది."

వాషర్లు కోసి ఒక్కొక్క నోరూ మూసినా.
ముప్పై రెండు. పొద్దుగూకేసరికి కండ్లలో ఇసుక.
గాలి ఆగలే, ట్రాలీ ఊరుకుంది.
గొర్రెలు ఎక్కినాయి, తోసుకుంటా,
ఏమీ జరగనట్టు.

శ్రావణంలో ఒక రాత్రి కుండపోత.
తెల్లారి ట్రాలీ తోలుకొని వచ్చింది, తడిసిన చీరతోనే.
తలుపు దించింది. కొసన ఒక పైపులోంచి
సన్నగా, ఆగకుండా, నీళ్లు.
అది నేను మరిచిపోయిన ముప్పై మూడో నోరు.
ఆరు వందల అడుగుల లోతున దొరకనిది
అరచేతి ఎత్తు నుంచి కారుతా ఉంది.
గుండీ మింగిన పిల్ల, ఇప్పుడు కొమ్ములు మొలుస్తున్నాయి,
మోకాళ్ల మీద కూలబడి నాకుతాంది.

నేను చూస్తా ఉండిపోయినా.
ఓబుళక్క కొంగు పిండుకుంటా,
"ఏం చూస్తావ్? లోపల తుప్పు పడుతుంది.
దాన్ని గూడ మూసెయ్. దుడ్లు సంత అయినాక ఇస్తా."