పాలోళ్లు

కళింగపట్నం దీపస్తంభానికి ఉత్తరంగా
మూడు మైళ్లు ఇసుకలో నడిస్తే ఆ పేట.
మగవాడికి త్రిభుజం, ఆడమనిషికి సున్నా,
పెళ్లికి రెండు అడ్డగీతలు,
పోయినవాళ్ల మీద ఒక ఏటవాలు గీత.
ఈ సామానుతో దిగాను,
గొడుగూ, టేపురికార్డరూ, అయొడిన్ సీసా కాక.

మొదటి వారం నేనేమీ అడగలేదు. వాళ్లే అడిగారు.
ఎవుల గుంటవి? ఇంటిపేరేటి?
మీయమ్మకి అన్నదమ్ములెంతమంది?
మేనమావలుండి కూడా నిన్నిలాగ ఒగ్గేసినారేటి?
నా ప్రశ్నావళిలోని పద్నాలుగు ప్రశ్నలూ
నన్నే అడిగేసి,
ఏ వరసా కుదరక తలలు గోక్కుంటుంటే
సూరాడ ఎర్రమ్మ తేల్చేసింది:
"నాకు మరదలనుకోండర్రా.
ఎగతాళి సెయ్యడానికైనా ఒక వరసుండాల గదా."
ఆ పూట నుంచే నాతో మాటలు.

పడవలు ఒడ్డెక్కే వేళ
ఇసుక మీద కుప్పలు పోస్తారు.
పడవకి రెండు పాళ్లు, వలకి ఒకటి,
వేటకెళ్లిన మనిషికి మనిషికో పాలు.
నేను లెక్క రాసుకుంటున్నాను.
ఎర్రమ్మ ఎవరి కుప్పలోంచో
రెండు కానాగడతలు తీసి గంపలో వేసుకుంది.
సరిగ్గా అప్పుడే
అక్కడున్న నలుగురు మగాళ్లకీ
దీపస్తంభం మీద ఏదో కనబడింది.
పట్టపగలు. వెలగని దీపం.
నలుగురూ అటే చూశారు.

పుస్తకంలో దొంగతనం అని రాశాను.
కొట్టేసి, దానం అని రాశాను.
అదీ కొట్టేసి
"అటు చూశారు" అని రాసుకున్నాను.

వంశం గీయడానికి ఆమె గడపలో కూర్చున్న సాయంత్రం
నెత్తళ్లు ఎండుతున్నాయి,
వాటికి పిల్లే కాపలా.
మీ పాలోళ్లెవరు? అన్నాను.
ఒకే ఇంటిపేరు వాళ్లు, పురుడొచ్చినా చావొచ్చినా
ఒకే మైల పట్టేవాళ్లు అని నా ఉద్దేశం.
ఆమె వేళ్లు మడిచింది:
బర్రి దానేసు, గనగళ్ల పెంటయ్య,
వీధి చివర కంసాలి కామేశు.
వీళ్లెలాగవుతారు? ఒకరికొకరు ఏమీ కారే!
"గాలివానకి ఆడు రాని యేడు
మూడు నెల్లు నాకు పాలు పెట్టినారు.
కంసాలోడు సేపలెక్కడ తెస్తాడు? గంటెడు నూకలిచ్చినాడు.
ఇంకా రాయి. పెంటయ్య ఆడది నీలమ్మ.
బెంగకి నాకు సేపు రాకపోతే
నా గుంటడికి రొమ్మిచ్చింది.
అదీ పాలే గదేటి."

ఆ మాటకి నా దగ్గర గుర్తు లేదు.
నీలమ్మ సున్నా నుంచి పిల్లాడి త్రిభుజం దాకా
చుక్కలు పెట్టుకుంటూ పోయాను,
అడ్డొచ్చిన ఇంటిపేర్లన్నీ దాటి, వంకరటింకరగా.

ఆమె మొగుడి దగ్గర పెన్ను ఆగింది.
శవం దొరకలేదు.
వేరావల్లో చూశానని ఒకడు,
కాదు పారాదీప్‌లో అని ఇంకొకడు.
పదకొండేళ్లు. చేతికి గాజులున్నాయి.
గీత కొట్టాలా?
ఎర్రమ్మ కాగితం మీదికి వంగింది.
అక్షరం రాదు, కానీ గీతలు చదివేసింది:
మావను, అత్తను, ఆడపడుచును
కొట్టేసిన వాళ్లనందర్నీ వేలితో తడిమి
మొగుడి మీద వేలు నిలిపింది.
"కొట్టు. గానీ పెన్నుతో వొద్దు."

విశాఖలో మా గైడుగారు ఎర్రసిరాతో రాశారు:
చుక్కల గీతకు వివరణ ఏది?
ఈ వ్యక్తి ఉన్నట్టా, లేనట్టా? స్పష్టం చేయండి.

సెలవుల్లో మళ్లీ వెళ్లాను, స్పష్టం చేసుకుందామని.
అదే వేళ. కుప్పలు పోస్తున్నారు.
నా లెక్కల్లో లేని చేప ఒకటి కనబడింది,
వెండి చారలది.
పేరు అడుగుదామని కుప్ప మీదికి వంగాను.

దానేసు దీపస్తంభం కేసి తిరిగాడు.
పెంటయ్య తిరిగాడు.
కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని
ఎర్రమ్మ కూడా.